ఐదో టెస్టు

కంప్యూటర్ తెర మీద నాలుగు పచ్చ గీతలు, ఒక ఎర్ర గీత. పొద్దుట్నుంచీ ఆ ఎర్ర గీతను చూసీ చూసీ ఆమెకు వెగటేస్తోంది.

పదకొండేళ్ళు మందుల షాపు కౌంటర్లో నిలబడ్డ మనిషి. షాపు మూతపడ్డాక ఆడపడుచును వెంటేసుకుని ఆర్నెల్లు ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. ఇది ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ. ఇవాళ ఇక్కడ ఉద్యోగం రాకపోతే వచ్చే నెల ఇల్లెలా గడుస్తుందో ఆమెకు తెలీదు. ఐదో టెస్టు చూశాకే ఎవరిని తీసుకునేదీ చెప్తామని ముందే అన్నారు.

ఇచ్చిన పని చిన్నదే. పిల్లల బరువు ఇస్తే, కిలోకు ఐదు చొప్పున, మందు ఎన్ని మిల్లీగ్రాములో ప్రోగ్రాం చెప్పాలి. దాన్ని సరిచూడ్డానికి కంపెనీ పెట్టిన ఐదు టెస్టుల్లో నాలుగు కుదిరి పచ్చబడ్డాయి. ఐదో దాంట్లో పన్నెండు కిలోల పిల్లాడు. ప్రోగ్రాం అరవై అంటుంది, టెస్టు తొంభై కావాలంటుంది.

పన్నెండైదులు అరవై. ఆమె రెండో క్లాసు కూతుర్ని నిద్రలో లేపి అడిగినా చెప్తుంది.

సాయం కావాలంటే చెయ్యెత్తమన్నారు, ఎత్తింది. పరీక్ష పెట్టిన పెద్దాయన వచ్చాడు. చొక్కా మీద టీ మరక, నోట్లో సగం నమిలిన బిస్కెట్టు. టెస్టు ఏమంటోందో సరిగ్గా చదువుకోమని చెప్పి, చేతులు చొక్కాకే తుడుచుకుంటూ పోయాడు. మూడుసార్లు పిలిచినా అదే ముక్క. ఛీ, ఈయనకు జీతం దేనికిస్తున్నారో అనుకుంది.

తక్కిన ఇరవై మందీ ఎప్పుడో అన్నీ పచ్చగా చేసుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. ఎలా చేశారో తెలిశాక ఇంకా రోత పుట్టింది. బరువు పన్నెండైతే తొంభై అనెయ్యమని విడిగా ఒక లైను రాసి పారేశారు. ఆ లైను ఎంగిలి గ్లాసులా గదంతా తిరిగింది. పక్క సీట్లో ఆడపడుచు దగ్గర కూడా ఉంది.

"నువ్వూ రాసెయ్ వదినా. నీకెందుకొచ్చిన గొడవ?"

"పన్నెండు కిలోల పిల్లాడికి తొంభై ఇస్తే ఏమవుతుందో తెలుసా నీకు?"

"ఇక్కడ పిల్లాడెక్కడున్నాడు? ఉన్నది ఉద్యోగం."

అదీ నిజమే. ఇల్లు గుర్తొచ్చింది. ఆమె కూడా ఆ లైను రాసింది. ఐదో గీత పచ్చబడింది. దాన్ని చూస్తే తన మీద తనకే అసహ్యం వేసి చెరిపేసింది. గీత మళ్ళీ ఎర్రబడింది. "జవాబు అరవై. మీ టెస్టు తప్పు," అని కింద రాసి, సబ్మిట్ నొక్కింది. ఇక మార్చడానికి లేదు.

పెద్దాయన తన తెర మీద ఒక్కొక్కరిదీ తెరిచి చూశాడు. చూసేకొద్దీ ఆయన మొహం, కుళ్ళిన కూరగాయ చేతికి తగిలినట్టు ముడుచుకుపోయింది. చివరికి తలెత్తి, ఎర్ర గీత ఎవరిదని అడిగాడు.

ఆమె లేచి నిలబడింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆడపడుచు తల దించుకుంది. ఎలాగూ పొమ్మంటాడని ఆమె సంచీ భుజాన వేసుకుంది.

"మీరు కూర్చోండమ్మా, మిగతావాళ్ళు ఇళ్ళకు వెళ్ళొచ్చు, ఆ తొంభై నేను కావాలని పెట్టిందే," అన్నాడు పెద్దాయన.