తగ్గని నూనె

ఆ ఉదయం కూడా బండి కింద ఎర్రటి మరక కనిపించింది. పళ్లెమంత ఉంది.

వెర్న్ వంగి వేలితో అద్ది వాసన చూశాడు. గేరుబాక్సు నూనే.

"మళ్లీ కారిందా?" బండి మెట్టు మీద చేతికర్ర ఆనించుకుని నిలబడి అడిగింది భార్య ఓపల్.

"నిన్ననే గేరుబాక్సు కింది పళ్లేనికి కొత్త ప్యాకింగు వేశాను. అయినా కారింది."

"అది రెండో ప్యాకింగు."

"లెక్క నాకూ వచ్చులేవే."

ఆరిజోనా ఎడారిలో చలికాలపు మకాం అది. వరసగా, లోపలే కాపురముండే ఇంటిబళ్లు. వెర్న్‌ది డెబ్బై నాలుగు మోడల్. ఊళ్లో ఇల్లమ్మేశాక ఆ దంపతులకు ఇల్లూ వాకిలీ ఆ బండే.

శనివారం కొండదారి ఎక్కి అవతలి ఊరి ఆసుపత్రికి చేరాలి. ఐదు నెలలు ఎదురుచూస్తే ఓపల్ మోకాలి ఆపరేషనుకు సోమవారం తారీకు దొరికింది. ఎక్కుడులో నూనె చాలక గేరుబాక్సు కాలిందంటే బండీ పోతుంది, తారీకూ పోతుంది.

పక్క జాగాలో గుడారం వేసుకున్న లెస్టర్ కాఫీ కప్పుతో వచ్చాడు. చొక్కా మోచేతుల దగ్గర చిరిగింది. గడ్డం గీసుకుని వారమై ఉంటుంది.

"నేనూ ఒక చెయ్యి వెయ్యనా?"

"ముప్పై ఏళ్లుగా ఈ బండి కిందకి నేను తప్ప ఎవడూ దూరలేదు. నువ్వూ దూరక్కర్లేదు."

"పోనీ, లోపల నూనె ఎంత తగ్గిందో చూశావా?"

"కారే చోటు దొరికితే తగ్గడమెందుకుంటుంది? వెళ్లు, నీ కాఫీ చల్లారుతుంది."

లెస్టర్ నవ్వేసి వెళ్లిపోయాడు.

వెర్న్ వదల్లేదు. రోజూ సాయంత్రం గేరుబాక్సు అడుగంతా కడిగి, తుడిచి, పౌడరు చల్లేవాడు. తడి తగిలిన చోట పౌడరే చెబుతుందని. తర్వాత బండిని మకాం చుట్టూ నాలుగు చుట్లు తిప్పేవాడు.

తిరిగొచ్చి చూస్తే పౌడరు తెల్లగా, పొడిగానే ఉండేది.

తెల్లారేసరికి పౌడరంతా ఎర్ర బురద. ఎక్కడ మొదలైందో తెలియదు.

గురువారం సాయంత్రం ఓపల్ అంది. "ఏవయ్యా, నాలుగు రోజులుగా ఇంత కారింది కదా. లోపలేమైనా మిగిలిందా?"

వెర్న్ ఇంజను వేడెక్కించి, గేరుబాక్సు నూనె కొలిచే డిప్‌స్టిక్ లాగి చూశాడు. గీత దాకా నిండుగా ఉంది.

తుడిచి మళ్లీ ముంచాడు. మళ్లీ అంతే.

"చుక్క తగ్గలేదు!"

"అదెలా?"

"ఎలాగంటే, కారింది లోపల్నించి కాదు కనక. ఎవడో తెచ్చి కింద పోస్తున్నాడు."

పెట్రోలు బంకుల దగ్గర బళ్ల కింద నూనె చిమ్మి, 'అయ్యో, కారుతోంది, నేను బాగుచేస్తా' అంటూ వచ్చే మోసగాళ్ల కథలు ప్రతి మకాంలోనూ చెప్పుకునేవే.

"అందుకే చెయ్యి వేస్తానంటూ వచ్చాడు, లెస్టరు!"

"ఆ నవ్వు చూస్తే అలాంటివాడిలా లేడయ్యా."

"దొంగ నవ్వక ఏడుస్తాడా?"

శుక్రవారం వెలుతురు రాకముందే లేచి వెర్న్ కిటికీ తెర పక్కన కాపు కాశాడు.

కాసేపటికి బండి ముందు భాగం కిందనుంచి బయటికి చాచిన రెండు బూట్లు కనిపించాయి. వెర్న్ చెప్పులైనా వేసుకోకుండా దిగాడు. లెస్టర్ పాక్కుంటూ బయటికొచ్చాడు. చేతులు ఎర్రగా ఉన్నాయి. చేతిలో సగం ఖాళీ అయిన నూనె సీసా.

"దొరికావురా!"

ఆ కేకకు మకాం చూసుకునే వాండా పరిగెత్తుకొచ్చింది. చుట్టుపక్కల తలుపులు తెరుచుకున్నాయి.

"అరిచేంత పని కాదయ్యా. నువ్వెలాగూ చూడవు కదా, అందుకని..."

"విన్నావా వాండా? నేను చూడనని వీడి ధైర్యం!"

వాండా సీసా వంక చూసింది, చేతుల వంక చూసింది.

"లెస్టర్, నా మకాంలో ఇలాంటివి కుదరవు. సర్దుకో."

లెస్టర్ సీసా మూత బిగించాడు. ఓపల్ వైపు, ఆవిడ కర్ర వైపు ఒకసారి చూసి, గుడారం మడిచి తన చిన్న బండిలో వేసుకున్నాడు. కదలబోతూ తల బయటికి పెట్టాడు.

"నడిచేటప్పుడు కారదది. నిలబడితేనే కారుతుంది. కింది పళ్లెం వదిలెయ్. గేరు కడ్డీ లోపలికి దూరే చోట సీలు చూడు."

"ఎక్కడ పోశావో కూడా చెప్పి పోతున్నావా? పుణ్యముంటుంది!"

చూసేవాళ్లు నవ్వారు. లెస్టర్ చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి వెర్న్ కడుపునిండా తిని పడుకున్నాడు.

శనివారం పొద్దున్నే బయల్దేరుతూ, పొడి నేల చూసి సంతోషిద్దామని వంగాడు.

పళ్లెమంత ఎర్ర మరక.

వేలితో అద్ది వాసన చూశాడు. తర్వాత వెల్లకిలా పడుకుని కిందకి దూరాడు. గేరు కడ్డీ దూరే చోట, సీలు అంచున ఒక చుక్క ఊగుతూ ఉంది.

బయటికొచ్చి, ఇంజను వేడెక్కించి, డిప్‌స్టిక్ లాగాడు. నూనె గీతకు బాగా కిందుంది.

"మొన్న నిండుగా ఉందన్నావు?" అంది ఓపల్.

"ఉంది."

"నాలుగు రోజులు కారితే తగ్గనిది, అతను పోయిన ఒక్క రోజుకే తగ్గిందేం?"

 వెర్న్ కొత్త సీసా మూత తీసి, డిప్‌స్టిక్ గొట్టంలోకి తన చేత్తో గీత దాకా పోశాడు. గేరుబాక్సుకేమీ కాలేదు. బండి కొండెక్కుతుంది.

రోజూ రాత్రి కారినంత నూనెనీ తెల్లారకముందే తన సీసాలోంచి తిరిగి నింపిపోయిన మనిషిని తరిమేసి అప్పటికి ఒక రోజైంది.