మోరీ లెక్క

"మీ లెక్కల సారును ఇయ్యాల్నే తీసెయ్యాలె!" దిల్‌సుఖ్‌నగర్ ట్యుటోరియల్ యజమాని త్రినాథరావు ముందున్న బల్ల గుద్దాడు ఓ విద్యార్థి తండ్రి జనార్ధన్‌రెడ్డి. "మా రెండిండ్ల నడుమ మోరీ తగాదాను క్లాసుల లెక్కగ ఇచ్చిండు. వాలు ఈ సాంబమూర్తి దిక్కే ఉన్నదని నేనంటే, మా పోరడు లెక్క తేలాల్నంటే ఈయన మాట గూడ కలపాల్నంటడు."

"మా అమ్మాయీ అంతేనండీ," అన్నాడు వెంట వచ్చిన పొరుగింటి సాంబమూర్తి. "మురుగు నీటికి నా పునాది తడుస్తుందని నేనంటే, వాలువైపే సిమెంటు గొట్టం వేస్తే సరిపోతుందంటోంది. మాస్టార్ని తీయకపోతే పిల్లలిద్దర్నీ మాన్పించేస్తాం."

వీళ్ళు మాన్పిస్తే కాలనీ అంతా మాన్పిస్తుందని త్రినాథరావుకు గుబులు పుట్టింది. అయినా అడిగాడు: "ఏడాదిగా మీకు మాటల్లేవుగా, కలిసి ఎలా వచ్చారు?"

"ఆయన స్కూటర్ మీదనే," రెడ్డి నసిగాడు.

ఈ ఇద్దర్నీ ఒకే బండెక్కించిన ఇంత పనిమంతుడైన మాస్టార్ని వదులుకునే వ్యాపారి ఉంటాడా?

"మాస్టారు ఉంటారండీ. రేపట్నుంచి పెద్దల బ్యాచ్ కూడా పెడుతున్నా. మీ ఇద్దరికీ ఒకే బెంచీ."