ఎదురు మెట్ల పెద్దాయన

"ఆ బిడ్డ నీకేమవుతాదమ్మా?"

డే కేర్ గేటు దాటబోతున్న రూపశ్రీ ఉలిక్కిపడింది. ఆమె భుజం మీద చిన్నారి లోహిత నిద్రపోతోంది. మాసిన పంచె కట్టుకున్న ఓ పెద్దాయన దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"మా అక్క కూతురు. అడిగేదానికి నువ్వెవురు?"

"ఎప్పుడూ మీ అక్క కదా వచ్చేది? లోపల మేడంను ఒక మాట సెప్పమను. పోదువు గాని."

రూపశ్రీ అరిచింది. లోహిత లేచి ఏడుపు అందుకుంది. డే కేర్ నడిపే కోమలి లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది.

"తాతా! మళ్ళీ మొదలుపెట్టినావా? మా గేటుకాడ నీకేం పని?"

"పనేం లేదమ్మా. ఊరికే."

ఈ 'ఊరికే'తోనే కోమలికి ప్రాణం విసిగిపోయింది.

అలిపిరి రోడ్డు పక్క సందులో ఆమె డే కేర్. ఎదురుగా మూతపడిన టైలరు అంగడి. ఆ అంగడి మెట్ల మీద ఈయన ఎండాకాలం నుంచీ మకాం. పొద్దున పిల్లలు వచ్చే వేళకు ఉంటాడు, ఆఖరి బిడ్డ వెళ్ళాక లేస్తాడు. అడుక్కోడు, తాగడు. తిడితే తల వంచుకుంటాడు, మర్నాడు మళ్ళీ అక్కడే. వచ్చేపోయే ప్రతి మనిషికీ ప్రశ్నలే. కొరియరు అబ్బాయిని వదలడు, పాలాయన్ని వదలడు. ఇప్పుడు పిల్లల చుట్టాల మీద పడ్డాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇన్సూరెన్సు గొడవ ఒకటి. ఎక్కడో ఏదో డే కేర్‌లో పిల్లవాడు మెట్ల మీంచి పడిన వీడియో ఫోన్లలో తిరిగింది. అంతే, తల్లులంతా ఒకే మాట. "మా బిడ్డలకు పూచీ ఎవురు? పాలసీ తీసుకో. లేకుంటే సోమవారం నుంచి పంపం."

పిల్లలు మానేస్తే డే కేర్‌కు తాళమే. కోమలికి వేరే ఆధారం లేదు.

కోమలి ఇన్సూరెన్సు కంపెనీకి ఫోను చేసింది.

"పిల్లోడు జారిపడితే పాలసీ వర్తిస్తుంది మేడం. ఇంకో పిల్లోడు తోస్తే అది వేరే."

"కొరికితే?"

"ఎవరు మేడం?"

"పిల్లోళ్ళే నాయనా, నేను కాదు!"

"కనుక్కుని చెబుతాను. చెయ్యి విరిగితే మాత్రం ఆసుపత్రి బిల్లు తప్పనిసరి."

"మా పక్క చెయ్యి విరిగితే పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకుంటారబ్బా. కట్టుకు బిల్లు యాడనుంచి తెచ్చేది?"

అవతలి మనిషి ఫోను ఇంకొకరికి ఇచ్చాడు. ఆ ఇంకొకరు మొదటి నుంచీ మళ్ళీ చెప్పమన్నాడు. తల ప్రాణం తోకకొచ్చాక ఒక మాట తేలింది. శుక్రవారం ఆఫీసరు వచ్చి చూస్తాడు, ఆయన సంతకం పెడితే పాలసీ వస్తుంది.

శుక్రవారం పొద్దున్నే కోమలి ముగ్గు వేయించింది, బొమ్మలు కడిగించింది. తలెత్తి చూస్తే మెట్ల మీద పెద్దాయన.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆఫీసరును కూడా 'నువ్వెవురు' అంటే?

పిల్లల్ని తెచ్చే ఆటో మునిప్రసాద్‌ను పిలిచింది.

"ఈయన్ని బస్టాండుకు తీసుకుపో. ఐరాల పక్క ఊరంట. చిత్తూరు బస్సెక్కించు, బస్సు కదిలిందాకా ఆడనే ఉండు."

"ఈ పొద్దొక్కటేనామ్మా?" అన్నాడు పెద్దాయన.

"ఎప్పుడూ! ఇంకోసారి ఈడ కనిపిస్తే పోలీసులకు సెప్తా."

ఆయన పంచె దులుపుకొని ఆటో ఎక్కాడు. "సరేమ్మా. గేటు సూసుకోండి," అన్నాడు.

పోతూ పోతూ నాకే బుద్ధులు, అని పళ్ళు కొరుక్కుంది కోమలి.

కాసేపటికి ఇన్సూరెన్సు ఆఫీసరు బాలచంద్ర వచ్చాడు. గేటు తీసుకుని నేరుగా లోపలికి వచ్చేశాడు. అడ్డుకున్నవాళ్ళు లేరు. హమ్మయ్య అనుకుంది కోమలి.

ఆయన నిప్పు ఆర్పే సిలిండరు చూశాడు, మందుల డబ్బా చూశాడు, మెట్ల దగ్గర పెట్టిన అడ్డుకర్రలు కదిపి చూశాడు. అన్నీ బాగున్నాయన్నాడు.

అప్పుడే మునిప్రసాద్ ఫోను. "బస్సు పోయిందక్కా. ఇంక రానని సెప్పినాడు. పాపం, ఏడిసినాడక్కా."

"సరేలే," అని పెట్టేసింది.

"మేడం, మీకు తెలీకుండా నేను ముందే రెండుసార్లు వచ్చినా," అన్నాడు బాలచంద్ర కుర్చీలో కూర్చుంటూ. "ఒకసారి పిల్లోడి మామనని సెప్పినా. ఇంకోసారి కరెంటు పని అన్నా. రెండుసార్లూ మీ వాచ్‌మన్ గేటు దాటనీలేదు. ఈ పొద్దేమో నన్నెవురూ అడగలేదే! లీవా ఆయన?"

కోమలి ఎదురు మెట్ల వైపు చూసింది. డే కేర్‌కు వాచ్‌మన్ అంటూ ఎవరూ లేరు.

"సిలిండర్లు, మందుల డబ్బాలు అందరికాడా ఉంటాయి మేడం. మీకు పాలసీ ఇయ్యొచ్చని మా పైవాళ్ళకు సెప్పింది ఆ మనిషిని సూసే. పిలవండి, ఆయన ఉండాడని రాసుకోని సంతకం పెట్టేస్తా."

కోమలికి సిగ్గేసింది. నెలల తరబడి తిట్టింది. ఒక్కనాడూ పేరైనా అడగలేదు.

బాలచంద్ర పెన్ను మూత తీస్తూ నవ్వాడు.

"జీతమెంతని ఆయన్నే అడిగినా మేడం. 'జీతం లేదు సార్, తిట్లే. పిల్లోళ్ళ కోసరం కూసోనుండా' అన్నాడు. నిజంగా ఎంత ఇస్తా ఉండారు?"