పద్నాలుగో మనిషి

"పదమూడు. ఇంక ఆపండి," అంటూ సెక్షనమ్మ వ్యాను తలుపుకి అడ్డంగా చెయ్యి పెట్టింది.

ఎక్కబోతున్న ఇస్త్రీ అక్క ఒక కాలు పైన, ఒక కాలు కింద పెట్టుకుని ఆగిపోయింది. ఆమె వెనక ఇంకా ఐదుగురు. అందరూ ఒకే బట్టల ఫ్యాక్టరీలో ఒకే లైను మీద పనిచేసే ఆడవాళ్లు. ఇరవై మందీ రోజూ ఈ ఒక్క వ్యానులోనే కుక్కుకుని పోతారు. బట్టల మూటలకైనా లారీలో ఒక లెక్కుంటుంది, వీళ్లకి అదీ లేదు. తలుపుకి అడ్డం పడ్డ ఈమె కాజాలు కుడుతుంది. నోరు తెరిస్తే చట్టం, సెక్షను అని రూలు మాట్లాడుతుందని సెక్షనమ్మ అని పేరు పెట్టిందీ వాళ్లే.

"ఏంటే పొద్దున్నే నీ గోల? ఎనిమిదికి గేటు మూసేస్తారు," అంది ఇస్త్రీ అక్క.

"బండి కాగితాల్లో డ్రైవరు కాక పదమూడు సీట్లే ఉన్నాయక్కా. ఇన్సూరెన్సు కట్టింది పదమూడు మందికే. రేపు బండి బోల్తా పడితే పద్నాలుగో మనిషి దగ్గర్నుంచి ఇన్సూరెన్సు వాళ్లు చేతులు దులిపేసుకుంటారు. మిగతా ఏడుగురికీ ఎవడిస్తాడు?"

"ఆ ఏడుగురూ ఎవరంటావు?" లోపల్నుంచి గుండీల పిన్ని అడిగింది.

"నేనూ అదే అడుగుతున్నా."

డ్రైవరు స్టీరింగు మీద గడ్డం ఆనించాడు. "పట్టుకుంటే ఊడేది నా లైసెన్సే అక్కా. కానీ కాంట్రాక్టరు గారితో అనే దమ్ము నాకు లేదు."

"నీకు లేదని తెలిసే నేను తెచ్చుకున్నా. ఫోను చెయ్యి."

కాంట్రాక్టరు పది నిమిషాల్లో మోటారు సైకిలు మీద ఊడిపడ్డాడు. కంగారులో చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. గుండీల పిన్ని అది చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇన్నాళ్లూ లేని ఇబ్బంది ఇవాళేం పుట్టుకొచ్చిందమ్మా? సర్దుకుని కూర్చోండి."

"సర్దుకుంటామండీ. ఒక్క కాగితం రాసివ్వండి చాలు. ప్రమాదం జరిగితే ఏ ఏడుగురి ప్రాణానికి విలువ లేదో పేర్లు రాసి సంతకం పెట్టండి. వాళ్ల పిల్లలకి చూపించుకోవాలి కదా."

కాంట్రాక్టరు నవ్వాడు. "రాయడం దేనికి? ఎక్కిన పదమూడు మందీ పనికి రండి. కిందున్న మీ ఏడుగురూ ఇవాళ్టి నుంచి రానక్కర్లేదు. నీ రూలు సరిపోయిందా?"

సెక్షనమ్మ తలుపు మీద నుంచి చెయ్యి తీసేసింది. తను నోరు తెరిచినందుకు ఏడిళ్ల పొయ్యిలు ఆరిపోతాయి.

వ్యానులో ఏదో గలగలమంది. గుండీల పిన్ని అన్నం క్యారేజీ పట్టుకుని కిందికి దిగుతోంది.

"నీకు సీటుంది కదా, నువ్వెందుకు దిగుతున్నావు?" అన్నాడు కాంట్రాక్టరు.

"నడుం పట్టేసింది బాబూ. నడిస్తే మంచిదని డాక్టరు చెప్పాడు."

ఆ పక్కామెకీ నడుం పట్టేసింది. ఆ వెనకామెకీ పట్టేసింది. రెండు నిమిషాల్లో పదమూడు నడుములూ కిందికి దిగాయి.

ఫ్యాక్టరీకి నాలుగు కిలోమీటర్లు. ఇరవై మందీ రోడ్డు పట్టనంత వరసగా నడిచారు. ఒకరు కాంట్రాక్టరు నవ్వు నవ్వితే మిగతావాళ్లు పొట్ట పట్టుకున్నారు. వెనక ఖాళీ వ్యాను ఇరవై క్యారేజీలు మోసుకుంటూ నత్తలా పాక్కుంటూ వచ్చింది. డ్రైవరు మధ్యమధ్య హారను తాళంలా కొట్టాడు.

చేరేసరికి తొమ్మిది దాటింది. గేటు మూసే ఉంది. లోపల కాలర్లు కుప్ప పడ్డాయి, మిషన్లు పడుకున్నాయి, సరుకు ఎక్కించుకోవాల్సిన లారీ నోరు తెరుచుకుని నిలబడింది. ఫ్యాక్టరీ మేనేజరు తనే వచ్చి గేటు లాగాడు. వెనకే వచ్చిన కాంట్రాక్టరు ఏదో అనబోతే చేత్తో ఆపాడు.

"నువ్వు చెప్పమ్మా," అన్నాడు సెక్షనమ్మతో.

"పదమూడు మంది బండిలో ఇరవై మందిని తోలుతున్నారు సార్. ఏదైనా అయితే కోర్టు ముందుగా ఈయన్ని పట్టుకుంటుంది. ఈయన దొరక్కపోతే మీ దగ్గరికొస్తుంది. ఇవాళ మీ కోసం లారీ ఎదురుచూస్తోంది, రేపు జడ్జి ఎదురుచూస్తాడు."

మేనేజరు కాంట్రాక్టరు వైపు చూశాడు. కాంట్రాక్టరు తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"రేపట్నుంచి రెండు బండ్లు. ఒక్కరి పనీ పోదు," అన్నాడు మేనేజరు.

"కాగితం మీద రాయండి సార్."

మేనేజరు గేటుకి ఆనించి రాశాడు. ఇరవై మందీ కొట్టిన చప్పట్లకి లారీ డ్రైవరు నిద్ర లేచాడు.

మర్నాడు పొద్దున రెండు వ్యాన్లు వచ్చి నిలబడ్డాయి. సెక్షనమ్మ ఆ కాగితం జాకెట్లో పెట్టుకుని దర్జాగా వచ్చింది. రెండో వ్యానులో పురుగు కూడా లేదు. మొదటి దాంట్లో కిటికీల నిండా మోచేతులు. పంతొమ్మిది మందీ అందులోనే ఉన్నారు.

"సిగ్గుందా మీకు? పోట్లాడి తెచ్చుకున్న బండి పక్కనే ఉంటే ఇదేం కుక్కుడు? ఆరుగురు దిగండి, అటు పోదాం."

"ఉండవే, కథ మంచి పట్టులో ఉంది," అంది గుండీల పిన్ని. "దిగితే మిగతాది ఎవరు చెబుతారు?"

లోపల ఇస్త్రీ అక్క నిన్నటి గేటు దగ్గరి కథ చేతులు తిప్పుతూ చెబుతోంది. "అప్పుడు మన సెక్షనమ్మ రెండు చేతులూ జోడించి, అయ్యా, మమ్మల్ని కాపాడండి అంది..."

"నేనెప్పుడు జోడించాను?"

"జోడించావుగా, నేను చూశాను."

"జోడించలేదు. జడ్జి ఎదురుచూస్తాడు అన్నాను. ఒక్క ముక్క సరిగ్గా చెప్పడం రాదు మీకు, జరగండి," అంటూ సెక్షనమ్మ ఇరవయ్యో మనిషిగా ఎక్కి తలుపు లాగేసింది.