పిట్ట వాలే సీటు

"ఇది సీటా, పిట్ట వాలేదానికి పెట్టిన కొమ్మా?" అన్నాడు ఓబుళేశు.

మైదుకూరు షోరూములో ఉన్నవాళ్లంతా నవ్వారు. నవ్వని వాడు భూపేష్ ఒక్కడే. కంపెనీ తరఫున హైదరాబాదు నుంచి వచ్చినవాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో ట్యాబు. దసరాకు అమ్మకానికి పెట్టబోయే రోడ్‌స్టర్ బైకులో ఏమేం ఉంటే బాగుంటుందో బండ్లు వాడేవాళ్లనే అడిగి తెలుసుకుందామని నమూనా బండిని వెంట తెచ్చాడు.

నడిమధ్యన నిలబెట్టారు దాన్ని. ఇంజను, గొట్టాలు, బోల్టులు అన్నీ బయటికే. పైన తొడుగన్నదే లేదు.

"గుడ్డలు కట్టకుండా పంపించినారు. దానికి ధర ఎక్కువ ఒకటి," అన్నాడు ఓబుళేశు మళ్లీ.

అతనికి ఆ బండిని చూస్తేనే ఒళ్లు మండుతోంది. ఇంట్లో పాత బండి మూలన పడింది. భార్య సిద్దమ్మకు ఫోనులో ఈ కొత్త బండి బొమ్మ చూసిన రోజు నుంచి వేరే ధ్యాస లేదు. సిద్దమ్మ మనసు పడ్డ వస్తువు ఇంటికి రాకుండా ఆగిన దాఖలా వాళ్ల ఇరవై ఏళ్ల కాపురంలో లేదు. నెలనెలా స్వాతి నక్షత్రం నాడు జంటగా అహోబిలం పోయి స్వామిని చూసి రావాలని వాళ్ల మొక్కు. ఈ సీటు ఇట్లాగే ఉంటే ఆ మొక్కు సాగదు. నడుము డాక్టరు ఆ మాట మొహం మీదే చెప్పేశాడు.

కాబట్టి ఇవాళ ఆమెతో కలిసి వచ్చాడు, ఈ సీటు సంగతి తేల్చుకునే పోవాలి. కానీ ఇక్కడ మాట్లాడేవాళ్లను చూస్తే అతనికి ఆశ చచ్చిపోతోంది.

"స్క్రీను పెద్దది కావాలన్నా," అన్నాడు చాంద్. బండి మీద నిలబడి రీల్స్ తీసుకునే రకం. "ఫోను కలపాల. పాటలు రావాల."

"ఏమప్పా, మీ ఇంట్లో టీవీ లేదా?" అన్నాడు ఓబుళేశు.

"సౌండు గట్టిగా ఉండాల," అన్నాడు బసవరాజు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. "వస్తాంటే ఊరంతా తిరిగి చూడాల."

"చూస్తాది. చూసి తిడతాది."

ఇంకెవరో క్లచ్చి పట్టకుండానే గేరు పడాలన్నారు. అంత కష్టమైతే ఇంట్లో పండుకోమన్నాడు ఓబుళేశు. వీళ్లకు బండంటే అద్దం. అందులో తమ మొహం తప్ప ఇంకోటి కనపడదు. ఆ హైదరాబాదు వాడేమో ప్రతి పిచ్చి కోరికకూ తల ఊపి ట్యాబులో రాసుకుంటున్నాడు.

"మరి మీకేం కావాలి సార్?" అన్నాడు భూపేష్ చివరికి, విసుగు దాచుకుంటూ.

"వెనక సీటు," అన్నాడు ఓబుళేశు. "వెడల్పుగా, మెత్తగా. పట్టుకునేదానికి కమ్మీ ఉండాల. కాళ్లు పెట్టుకునేది కిందికి దించాల, మోకాళ్లు గడ్డానికి తగులుతాండాయి. సైలెన్సరు వేడి పిక్కకు తగలకుండా రేకు ఒకటి."

"ఇది నడిపేవాళ్ల కోసం చేసిన బండి సార్. వెనక సీటు పేరుకే."

ఓబుళేశుకు తిక్క రేగింది.

"పేరుకా? నువ్వెప్పుడన్నా దాని మీద కూచోని అహోబిలం దాకా పోయినావా? స్పీడు బ్రేకరు ఎక్కినప్పుడల్లా వెనకోళ్ల వెన్నుపూస యాడికి పోతాదో నీకు తెలుసా? ముందర కూచున్నోళ్లకేం, హ్యాండిలు పట్టుకోని దొరల మాదిరి పోతాంటారు. మెల్లగా పొమ్మంటే గాలికి వినపడలేదంటారు. వెనక కూచున్నోళ్లు మనుషులు కారా?"



"పెండ్లాం మీద ఇంత ప్రేమ నేను యాడా చూడలేదప్పా," అన్నాడు బసవరాజు, నిజంగానే కదిలిపోయి.

"అక్క శానా అదృష్టవంతురాలు," అన్నాడు చాంద్.

అందరూ సిద్దమ్మ వైపు తిరిగారు. ఆమె ఇదేమీ వినడం లేదు. బండి చుట్టూ తిరుగుతోంది. వంగి చెయిను చూసింది. టైరును వేలితో నొక్కింది. హ్యాండిలు మీద చెయ్యి వేయబోతుంటే షోరూము సేల్స్‌మన్ యేసుప్రసాద్ పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, గాజులు తగిలితే గీతలు పడతాయి. నువ్వీడ కూచో," అని కుర్చీ వేసి, కూల్‌డ్రింకు సీసా చేతికిచ్చాడు.

"రంగు నచ్చిందా మేడమ్?" అని అడిగాడు భూపేష్, మర్యాద కోసం.

"నచ్చింది," అంది సిద్దమ్మ.

అతను ట్యాబులో అది కూడా రాసుకున్నాడు. ఆమెను అక్కడ ఎవరైనా అడిగింది ఆ ఒక్క ప్రశ్నే. అడగాల్సిన వాళ్లను అడగాల్సింది అడగడం వీళ్ల తరం కాదనుకున్నాడు ఓబుళేశు, మూతి ఓ పక్కకు తిప్పి.

భూపేష్ మెత్తబడ్డాడు. "మీ మాట నాకు అర్థమైంది సార్. వెనక సీటు మార్చాలని మా వాళ్లకు గట్టిగా చెప్తాను. కానీ తిట్టే ముందు ఒక్క రౌండు వేసి చూడండి. ఈ రోడ్లు ఇంతగా ఎరిగిన మీరు చెప్తే మాకు విలువ."

బండిని బయటికి తోశారు. యేసుప్రసాద్ రెండు హెల్మెట్లు తెచ్చాడు. చాంద్ ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. భూపేష్ రెండు చేతులతో తాళం చెవి ఇచ్చాడు, ఓబుళేశుకు.

ఓబుళేశు దాన్ని సిద్దమ్మ చేతిలో పెట్టి, ఆమె కూల్‌డ్రింకు సీసా పక్కన పెట్టి, కొంగు దోపుకుని బండి స్టార్టు చేసేదాకా ఆగి, ఇరవై ఏళ్లుగా ఎక్కుతున్నట్టే వెనక ఎక్కి, ఆమె భుజాలు గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.