ఉప్పుచేపల ఎండ

రెబెక్కమ్మ తన మొండితనంతోనే చచ్చిపోయింది. రొమ్ము క్యాన్సరుకు ఆసుపత్రిలో కరెంటు, అంటే రేడియేషను, పెట్టించుకుంటూనే ఎండలో కూర్చుని ఉప్పుచేపలు ఆరబెట్టింది. చర్మం కాలి ఊడింది, వైద్యం మధ్యలో ఆగింది. భార్య సమాధి మట్టి ఆరకముందే హెబ్రోను ఈ మాట మైపాడు ఊరంతా చెప్పాడు.

ఇప్పుడు అదే జబ్బుకు కరెంటు పెట్టించుకుంటున్న కూతురు రెజీనా చర్మమూ అలాగే ఊడింది.

“నువ్వూ చేపల దగ్గరికి పోయినావా?” విసురుతున్న విసనకర్ర ఆపి గద్దించాడు.

“ఎట్ట పోతా నాయనా? గడపలో కాపలా కూర్చున్నది నువ్వేగా!”

హెబ్రోను గడప వైపు చూశాడు.

“కొందరి ఒళ్లు పుట్టుకతోనే కరెంటుకు ఓర్చుకోదంట. అమ్మ నుంచే నాకు వచ్చుండొచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఊరంతా అమ్మదే తప్పని చెప్పినావే?”

అతను కూతురి ముఖం చూడలేక తల దించుకుని మళ్లీ విసరసాగాడు.

“ఆ మాట నేనింక ఎత్తను. నువ్వూ ఎత్తబాక.”