పదకొండు చివరి పేజీలు

“ఇదిగో, ఇది కూడా! ఓడ మునిగిపోతోంది, కెప్టెన్ పరిగెత్తుకొచ్చి తలుపు తీశాడు... ఆ తరవాత ఇక వెనక అట్టే!” పెద్దమేడమ్ ఆ పుస్తకాన్ని బల్ల మీద పడేసింది. “పదకొండు కథల పుస్తకాలు. అన్నిట్లోనూ చివరి పేజీ ఒక్కటే లేదు. స్కేలు పెట్టి మరీ చింపారు. అసలు మీరేం చేస్తున్నారండీ అక్కడ?”

లైబ్రరీ టీచర్ తలెత్తలేదు. ఆరేళ్ళుగా ఆ గది బాధ్యత ఆమెదే.

“తప్పు నాదే మేడమ్,” అంది.

“మీదంటే సరిపోతుందా? చేసినవాళ్ళెవరో తేలాలి.”

నిజానికి ఆ బడిలో పుస్తకాల గురించి గొడవ జరగడమే ఒక వింత. రెండు నెలల కిందటి దాకా లైబ్రరీ పీరియడ్ అంటే పిల్లలకు కునుకు తీసే పీరియడ్. టీచర్ గోడల నిండా బొమ్మలు అంటించింది. గొంతు పోయేలా కథలు చదివి వినిపించింది. పుస్తకాలు చదివినవాళ్ళకు పెన్నులిస్తానంది. పిల్లలు అట్టల మీది పేర్లు రాసుకొచ్చి పెన్నులు పట్టుకుపోయారు. మనసుపెట్టి చదివేది ఒక్కతే. ఏడో తరగతి పిల్ల, బక్కగా ఉండి గింజలేరుకున్నట్టు పుస్తకాలు ఏరుకుంటుందని అందరూ ‘పిచ్చుక’ అనేవారు. ఇలా అయితే ఆ గదిని కంప్యూటర్లకు ఇచ్చేద్దామని పెద్దమేడమ్ రెండుసార్లు అననే అంది.

అలాంటి రోజుల్లో చివరి పేజీలు మాయమవడం మొదలైంది.

ఓడ కథ చదివిన ఒకమ్మాయి “ఇంతకీ కెప్టెన్ బతికాడా?” అని క్లాసులో అందరినీ అడిగింది. ఎవరికీ తెలియదు. తెలుసుకుందామని నలుగురు చదివారు. బతికాడని ఇద్దరు, లేదని ఇద్దరు కొట్టుకున్నంత పని చేశారు. ఎవరి మాట సరైనదో చూద్దామని మరో పదిమంది చదివారు. టీచర్ ఒక నోటుబుక్కు పెట్టి, మీకు తోచిన ముగింపు మీరే రాయండి అంది. నెల తిరిగేసరికి మధ్యాహ్నం బెల్లు కొట్టగానే ఆ గదిలో బెంచీలు చాలేవి కావు. పెద్దమేడమ్ కూడా మురిసిపోయింది. ఎవరి తండ్రో కూతురు తెచ్చిన పుస్తకం తిరగేసి, చిరిగిన పుస్తకాలిస్తున్నారని ఉత్తరం రాసేదాకా.

రిజిస్టరు తీసి చూస్తే, ఆ పదకొండింటిలో ఒక్కటీ వదలకుండా ఇంటికి తీసుకెళ్ళింది బడి మొత్తంలో పిచ్చుక ఒక్కతే.

“ఆ పిల్లని పిలవండి. వాళ్ళమ్మని కూడా,” అంది పెద్దమేడమ్.

“తను అలాంటిది కాదు మేడమ్.”

“అంత కచ్చితంగా ఎలా చెప్పగలరు?”

టీచర్ బల్ల మీది పుస్తకాలు సర్దసాగింది.

పిచ్చుక తల్లి బట్టలు కుడుతుంది. మెడలో కొలతల టేపు తియ్యడం కూడా మరిచిపోయి పరిగెత్తుకొచ్చింది.

“నువ్వే చింపావా?” అడిగింది పెద్దమేడమ్.

“లేదు మేడమ్,” అంది పిచ్చుక.

“మరెవరు?”

పిచ్చుక నేలచూపులు చూసింది.

“చెప్పవన్నమాట. సరే. ఎవరూ ఒప్పుకోకపోతే రేపటినుంచి ఆ గదికి తాళమే. పుస్తకాలన్నీ మూటగట్టించి అటకెక్కిస్తాను. పీడా పోతుంది.”

“మేడమ్...” టీచర్ లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది.

పిచ్చుక ఆమె వంక ఒకసారి చూసింది.

“నేనే చింపాను,” అంది.

తల్లి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

“గుడ్డ మీద కత్తెర పెట్టాలంటే నాలుగుసార్లు కొలుచుకుంటానే నేను! పదిమందీ చదివే పుస్తకం పాడుచేయడానికి నీకు చేతులెలా వచ్చాయే?” అంటూ టీచర్ వైపు తిరిగి చేతులు జోడించింది. “నా పెంపకమే తప్పు టీచరుగారూ. మీ కష్టాన్ని పాడుచేసింది. క్షమించండి.”

టీచరుకు కూర్చున్న చోటే కుంగిపోతున్నట్టనిపించింది. “అయ్యో, మీరు నాకు చేతులు జోడించకండమ్మా,” అంది. ఆ మాట ఆమెకే సరిగా వినబడలేదు.

పెద్దమేడమ్ ఎర్ర పెన్ను తీసి పిచ్చుక లైబ్రరీ కార్డు మీద అడ్డంగా గీత కొట్టింది. “ఈ ఏడాదంతా ఆ గడప తొక్కడానికి వీల్లేదు. రేపు అందరి ముందూ క్షమాపణ చెప్పాలి.”

మర్నాడు ఉదయం పిచ్చుక వరసల ముందు నిలబడి క్షమాపణ చెప్పింది. వెనకనుంచి ఎవరో “పేజీల దొంగ!” అన్నారు. నవ్వులు వినిపించాయి. ఇప్పుడైనా ఒకమాట చెబుదామని టీచర్ నోరు తెరిచింది. పెద్దమేడమ్ ఇటు తిరిగి చూసింది. టీచర్ దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మధ్యాహ్నం లైబ్రరీ మళ్ళీ నిండిపోయింది. పిచ్చుక బయట వరండాలో, కిటికీ పక్కన నిలబడి లోపలికి చూస్తోంది. టీచర్ బయటికి వచ్చింది.

“ఎందుకలా చేశావు తల్లీ?”

“తాళం వేసేస్తామన్నారుగా టీచర్.”

“వెయ్యనిచ్చేదాన్నా నేను?” అంది టీచర్. ఆ మాట నమ్మినట్టు పిచ్చుక తలూపింది. అది చూసి టీచరుకు మొహం చెల్లలేదు.

“నీకే పుస్తకం కావాలన్నా చెప్పు. ఎవరికీ తెలియకుండా నేను తెచ్చిస్తాను.”

“వద్దులెండి టీచర్. మళ్ళీ మీకు మాట వస్తుంది.”

బెల్లు కొట్టారు. పిచ్చుక రెండడుగులు వేసి ఆగింది. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, దగ్గరగా వచ్చి గొంతు తగ్గించింది.

“మీరు చింపిన పేజీలు మాత్రం పారేయకండి టీచర్.”